తరుగు పోను ఎంత?

మా కన్యకాపరమేశ్వరి అత్త ఎవరేం చెప్పినా అందులో తరుగు తీసేస్తుంది. జగ్గయ్యపేటలో ఆవిడది పప్పుల హోల్‌సేల్ కొట్టు. కందులు, మినుములు బస్తాల్లో వచ్చినప్పుడు మట్టికీ, రాళ్లకీ, తేమకీ ఇంతని బరువు తగ్గించి లెక్క కడతారే, దాన్నే తరుగంటారు. మిగతా వ్యాపారులు కొట్టు మూశాక ఆ మాట అక్కడే వదిలేసి ఇంటికి పోతారు. అత్త దాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది.

పెళ్లివాళ్లొచ్చి "పదింటికి ముహూర్తం, తొమ్మిదికల్లా వచ్చెయ్యాలి పిన్నిగారూ" అంటే "తరుగు పోను ఎన్నింటికి?" అని అడుగుతుంది. ఒకసారి పళ్ల డాక్టరు "అసలు నొప్పే తెలీదమ్మా" అన్నాడు. "తరుగు పోను ఎంత తెలుస్తదో చెప్పు బాబూ, దాన్నిబట్టి నోరు తెరుస్తా" అని ఆవిడ పెదాలు బిగించి కూర్చుంది. బయట జనం పెరిగిపోతుంటే పాపం ఆయన "కొంచెం తెలుస్తుందండి" అని ఒప్పుకున్నాడు. అప్పుడు తెరిచింది.

కన్నకొడుకునీ వదల్లేదు. ఓంకార్ బావ ఇంటర్ పరీక్షలు రాసొచ్చి "తొమ్మిదొందలు గ్యారంటీ" అన్నాడు. సాయంత్రానికల్లా అత్త బజారంతా "మావాడు పాసైతే చాలు" అని చెప్పేసింది. బావకి తల కొట్టేసినట్టయింది. తీరా ఏడొందల చిల్లర వచ్చాయి. బజార్లో వాళ్లంతా వచ్చి వాడి వీపు తట్టి, లడ్డూలు తిని వెళ్లారు.

ఇలాంటి మనిషి చేతిలో నా చదువు పడింది.

నాకు ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ చెయ్యాలని ఉండేది. స్కూళ్లు నడిపే చదువన్నమాట. నేను చదివిన స్కూల్లో పాఠాలు బ్రహ్మాండంగా చెప్పేవాళ్లు. కానీ ఆడపిల్లల బాత్రూం తాళంచెవి ఎవరి దగ్గరుందో నా పదో తరగతి అయిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. మేం మధ్యాహ్నాలు మంచినీళ్లు తాగడం మానేశాం. పాఠాలు చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు, ఆ తాళంచెవి సంగతి చూసేవాళ్లే లేరు. ఆ పని నేను చేస్తానన్నాను.

"గంట కొట్టే ఉద్యోగానికి డిగ్రీ కూడానా?" అన్నాడు మా నాన్న అనిల్‌కుమార్.

"టైముకి గంట కొట్టించాలన్నా ఎవరో ఒకరు చదువుకోవాలి నాన్నా."

ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నేనూ లేచిపోయాను. వంకాయ కూర మొత్తం మిగిలిపోయి అమ్మకి ఒళ్లు మండింది. చివరికి నాన్న "అక్క ఏమంటే అదే" అన్నాడు. అక్కని అడక్కుండా ఆయన చెప్పులు కూడా కొనడు.

అత్త నన్ను వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కింది. కాలేజీ ప్రిన్సిపాల్ గారు మర్యాదగా కూర్చోబెట్టి, "మా దగ్గర చేరితే నూటికి నూరు శాతం ఉద్యోగం అండి" అన్నారు.

"తరుగు పోను?" అంది అత్త.

"అంటేనండీ?"

"నూరుమంది చేరితే ఆఖరికి జీతం అందుకునేది ఎందరని."

ఆయన ఫ్యాను పెంచారు. కోర్సు కొత్తదన్నారు, భవిష్యత్తంతా దీనిదేనన్నారు. అత్త కుర్చీలోంచి కదల్లేదు.

"సగం మందికి వచ్చుద్దమ్మా" అన్నారు చివరికి చిన్న గొంతుతో. "ప్రైవేటు స్కూలు ఆఫీసుల్లో. మొదట్లో పదిహేను వేలు."

"అదీ మాట. మీ కాలేజీ మంచిదే" అంది అత్త. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా ముచ్చట మీద నిండు బిందెడు నీళ్లు పోసి ఆ సంబరమేమిటో అర్థం కాలేదు. తిరుగు బస్సులో ఆవిడతో మాట్లాడలేదు.

ఆదివారం కొట్లో పంచాయితీ పెట్టారు. అమ్మా నాన్నా, ఇద్దరు బాబాయిలు బస్తాల మీద సర్దుకున్నారు. అత్త వేళ్ల మీద మొదలుపెట్టింది.

"మూడేళ్ల ఫీజు లక్షన్నర. పుస్తకాలు, బస్సు పాసు, టిఫిన్లు కలిపితే రెండు లక్షలు. జీతం పదిహేను వేలన్నారు. సెలవలకి కోత, అదీ ఇదీ, తరుగు పోను పన్నెండు. దాంట్లో దీని ఖర్చులు పోవాలి. ఉద్యోగమే ఏడాది ఆలస్యం అవ్వొచ్చు. పెట్టింది వెనక్కి రావడానికే నాలుగైదేళ్లు పట్టుద్ది."

నాన్న ముఖం వెలిగిపోయింది. "విన్నావుగా దేవిశ్రీ. అదే ఓంకార్ లాగా బీటెక్ చేస్తే ఎనిమిది లక్షల ప్యాకేజీ."

అత్త హైదరాబాదుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "ఒరేయ్ ఓంకారూ, నీ ఎనిమిది లక్షల్లో తరుగు పోను చేతికెంత వస్తందిరా? మావయ్య వింటున్నాడు, నిజం చెప్పు."

బావ నసిగాడు. "అంటే మావయ్యా, అందులో లక్ష బోనస్సు. అది ఇస్తే ఇస్తారు. పీఎఫ్, రూము అద్దె, తిండి... నెలాఖర్లో నేనే అమ్మని అడుగుతున్నా."

బాబాయిలు పడీపడీ నవ్వారు. నాన్న నవ్వలేదు. "ఎంత తరుగు తీసినా వాడిదే ఎక్కువ కదక్కా. దీనిది గిట్టదని నువ్వే తేల్చావు."

"గిట్టదు" అంది అత్త. "పిల్లని చేర్పించు."

కొట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మరి ఇంతసేపు లెక్కెందుకు కట్టావు?" అన్నాడు నాన్న.

"మీ అందరికీ వినపడాలని. రేపు ఇది పన్నెండు వేలు తెచ్చిందనుకో, ఇందుకేనా చదివిందని ఒక్కళ్లు నోరెత్తకూడదు. ఇయ్యాళే చెప్పేశా, అందరూ విన్నారు. ఇంక దెప్పడానికేం మిగల్లా."

"అది కాదక్కా..."

"నా పెళ్లిచూపుల్లో నాన్న ఏం చెప్పాడో గుర్తుందిరా? మా అమ్మాయి వీణ వాయిస్తదన్నాడు. నాకు వీణని ఏ పక్క పట్టుకోవాలో కూడా తెలీదు. మా అత్తగారు పోయేదాకా, వచ్చిన చుట్టాలందరి ముందూ 'ఏదమ్మా ఆ వీణ?' అంటానే ఉంది. మనవాళ్ల గురించి గొప్పలు చెప్పి వదిలేస్తే, ఆ గొప్ప మోసేది వాళ్లురా. నావాళ్లకి ఆ బరువు నేను పెట్టను."

నాన్న కాసేపు తల గోక్కుని, "ఫీజు ఎప్పటికి కట్టాలే?" అని నన్నడిగాడు.

నాకు పౌరుషం పొంగుకొచ్చింది. "చూస్తూ ఉండత్తా. పెద్ద స్కూలు నడిపి, లక్షలు తెచ్చి వీళ్లందరికీ చూపిస్తా."

"ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు" అంది అత్త. "నచ్చిన చదువు, చదువుకో. పోయి బస్సు పాసుకి ఫోటో దిగు."

దిగాను. స్టూడియో అతను "నవ్వకండి మేడమ్, పాసు ఫోటో" అని ఎంత చెప్పినా నావల్ల కాలేదు. ఇప్పుడు నాకు రెండో ఏడాది. నందిగామ బస్సులో కండక్టర్లు ఆ పాసు మీద నా ముప్ఫైరెండు పళ్లూ చూసి, నవ్వుతూ తిరిగి ఇచ్చేస్తారు. నవ్వుకోనివ్వండి, నాకేం.