యాడికిలో మధ్యాహ్నాలు ఆగిపోయిన కంప్యూటర్

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో, నన్ను అనంతపురం నుంచి తాడిపత్రి బ్రాంచికి సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా మార్చారు. మాది కంప్యూటర్లు అమ్మి, అమ్మినవాటికి రిపేర్లు కూడా చేసే కంపెనీ. ఫిర్యాదు వస్తే మొదట జూనియర్ ఇంజనీర్ వెళ్లాలి. అతని వల్ల కాకపోతేనే సీనియర్ వెళ్లడం పద్ధతి.

నేను చేరిన వారంలోనే యాడికి నుంచి ఫోను వచ్చింది. చేసినాయన పేరు పుల్లయ్య. ఇంటి పక్క షెడ్డులో పట్టుమగ్గాలు పెట్టుకుని చీరలు నేయిస్తాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను ఒక చుట్టానికి అమ్మాలనుకుంటున్నానని, ఇచ్చేముందు ఒకసారి చూసి పొమ్మని అడిగాడు. మా జూనియర్ అంతకుముందే రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లి వచ్చాడు. వాడుతుండగా ఉన్నట్టుండి ఆరిపోతోందని అప్పటి ఫిర్యాదు. రెండుసార్లూ ఫార్మాట్ కొట్టి, అంటే ఫైళ్లు పక్కకు తీసిపెట్టి, మిగతాదంతా తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించి, వాడేవాళ్లు సరిగ్గా వాడడం లేదని చెప్పి వచ్చాడట. మా వృత్తిలో కారణం దొరకనప్పుడు సులువుగా నోటికి వచ్చే మాట అది.

పొద్దున్నే వెళ్లాను. పుల్లయ్య మంచినీళ్లిచ్చి, నేను అడగకముందే సంగతి చెప్పేశాడు.

"మిషన్‌లో ఏం లేదు సార్. నేను పొద్దున కూచుని బిల్లులు కొట్టుకుంటా. ఒక్క పొద్దన్నా ఆరిపోల్యా. మా పాప కూచుంటేనే ఆరిపోతాది. ఆయమ్మికి చేతకాదు, అంతే."

పాప అంటే ఆయన కూతురు మల్లేశ్వరి. డిగ్రీ అయ్యాక ధర్మవరంలో కొన్నాళ్లుండి చీరల డిజైన్లు గీయడం నేర్చుకుని వచ్చింది. తెర మీద చిన్న చిన్న గళ్లలో అంచునూ కొంగునూ గీస్తారు. ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద ఎక్కిస్తే, ఏ పోగు లేవాలో అట్టే చెబుతుంది. ఒక పెళ్లి చీర డిజైన్ ఆమె సగం దాకా గీసిందని, మాటిమాటికీ కంప్యూటర్ ఆరిపోయి పని సాగలేదని, గడువు దగ్గరపడితే ధర్మవరంలో వేరే అతనితో చేయించుకున్నానని పుల్లయ్య చెప్పాడు. ఆ రోజు నుంచి కూతుర్ని ఆ గదిలోకి రానివ్వలేదు. ఆమె తాడిపత్రిలో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరింది. ఆ రోజు కొట్టుకు సెలవు కాబట్టి ఇంట్లోనే ఉంది.

నేను ఆమెను పిలవమన్నాను. గడప దగ్గర నిలబడి, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పింది. ఇంటిపని తెమిలి అందరూ తిన్నాక కూర్చునేదాన్నని, పొద్దుగూకేదాకా గీసేదాన్నని చెప్పింది. మగ్గాల షెడ్డును ఆనుకుని, పైన సిమెంటు రేకులు వేసిన గది అది. పొద్దున చల్లగానే ఉంది. నేను అప్పుడే విప్పి చూసి ఉండవచ్చు. కానీ ఫిర్యాదు ఎలా పుడుతుందో కళ్లారా చూడకుండా విప్పకూడదన్నది నాకు నేర్పిన పద్ధతి. మధ్యాహ్నం దాకా ఉంటానన్నాను.

భోజనాలయ్యాక రేకుల కింద కూర్చోలేకపోయాం. పుల్లయ్యనే కుర్చీలో కూర్చోమని, కూతురు సగంలో వదిలిన డిజైన్‌ను తెరిపించాను. బిల్లు కొట్టడం కంప్యూటర్‌కు లెక్కలోది కాదు. అంత పెద్ద డిజైన్ తెరిస్తే దాని మెదడు, అంటే ప్రాసెసర్, ఎడతెగకుండా పనిచేయాలి. లోపలి వేడిని చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి పెట్టాను. అంకె పెరుగుతూ పోయింది. ఫ్యాను హోరెత్తింది. పుల్లయ్య డిజైన్‌లో కొంగు మీది ఒక పువ్వును పక్కకు జరపబోతుండగా తెర నల్లబడింది.

పుల్లయ్య మౌస్ వదిలి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నేనేం చేయల్యా సార్," అన్నాడు.

గడప దగ్గర మల్లేశ్వరి తెర వైపే చూస్తోంది.

కంప్యూటర్ డబ్బాకు పక్కనుండే రేకు విప్పాను. ప్రాసెసర్ మీద వేడిని లాగేసే లోహపు రెక్కలు ఉంటాయి. వాటికీ ఫ్యానుకూ మధ్య మగ్గాల షెడ్డు నుంచి వచ్చిన పట్టునూగు, ఎర్రమట్టి దుమ్ము కలిసి కంబళిముక్కలా అట్టకట్టాయి. గాలి చొరబడే సందు లేదు. ప్రాసెసర్‌కూ రెక్కలకూ మధ్య పూసే పేస్టు ఎండి సుద్దపొడి అయింది. వేడి హద్దు దాటితే కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. అది ఎవరు కూర్చున్నారో చూడదు. నూగంతా పీకి, బ్లోయర్‌తో ఊది, కొత్త పేస్టు పూసి, కంప్యూటర్‌ను చల్లగా ఉండే లోపలి మట్టిమిద్దె గదిలోకి మార్పించాను. సాయంత్రం దాకా అదే డిజైన్ తెరిచి ఉంచినా మళ్లీ ఆగలేదు.

నేను సామాన్లు సర్దుకుంటుంటే పుల్లయ్య కూతురి వైపు తిరిగి, "మ్మే, నీ తప్పు కాదంట. వచ్చి కూచో," అన్నాడు.

ఆమె రాలేదు. నింపాదిగానే చెప్పింది. "నా వల్ల కాదని నువ్వే బజార్లో అందరికీ చెప్పినావు నాయనా. ఇని ఇని నాకూ అట్లే అనిపిచ్చింది. ఇప్పుడు గీసేకి చెయ్యి రాదు."

ఆయన నా సంచీ అందుకుని బయటికి నడిచాడు. నన్ను బస్సు దాకా సాగనంపాడు.

వానాకాలంలో ఇంకో పని మీద యాడికి వెళ్లినప్పుడు ఆ ఇంటికీ వెళ్లాను. పుల్లయ్య కంప్యూటర్ అమ్మలేదు. కూతురు వదిలేసిన పెళ్లి చీర డిజైన్ ముందు పెట్టుకుని, మిగిలిన సగం తానే గీయాలని చూస్తున్నాడు. ఆ చీర ఎప్పుడో వేరే డిజైన్‌తో నేసి ఇచ్చేశారు కాబట్టి, ఇది ఎవరికీ అక్కర్లేని పని. అంచు మీది తీగ ఒకచోట తెగింది, పువ్వులు గళ్లలో సరిగ్గా కూర్చోలేదు. ఎట్ల గీసిందో చూపించమని పాపను చానాసార్లు అడిగినానని, ఆదివారాలు కూడా కొట్టుకే పోతాందని చెప్పాడు. కంప్యూటర్ ఎట్లుందని అడిగాను. బాగుండాది అన్నాడు.

తర్వాత నా కింద పనిచేసిన జూనియర్లకు ఈ సంగతి చెప్పి, ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ వేళకు ఆగింది, ఏ గదిలో, ఏ పని మీద అని ముందు అడగమన్నాను. ఎవరు వాడుతుండగా ఆగింది అన్నది అన్నిటికన్నా చివర అడగాలి. విప్పి చూడకముందు మనిషిని తప్పుపడితే, తర్వాత అసలు కారణం దొరికినా దానితో బాగుపడేది కంప్యూటర్ ఒక్కటే.