కీ.శే. చెక్కని బావ

మా బావంటే నాకు ఒళ్ళుమంట. ఇరవై రెండేళ్ళు ఒకే షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని సమాధి పలకల మీద పేర్లు చెక్కాం. పని నేర్పింది ఆయనే, కాదనను. కానీ వచ్చినవాళ్ళంతా నన్ను దాటుకుని ఆయన దగ్గరికే వెళ్ళేవారు. నేను ఖాళీగా ఉన్నా సరే, "ఆయన చేతే చెక్కించుకుంటాం, ఆగుతాం" అనేవారు. మరి నేనేం గాడిదలు కాస్తున్నానా?

ఆయనకో పట్టుదల ఉండేది. పేరు ముందు "కీ.శే." అని చచ్చినా చెక్కేవాడు కాదు. నేను పావుగంటలో కొట్టిపడేసే రెండక్షరాలవి.

"కీర్తిశేషులంటే ఏంటో తెలుసా?" అని వచ్చినవాళ్ళనే ఎదురడిగేవాడు. "శేషమంటే మిగిలింది. మనిషి పోయినా కీర్తి మిగిలినవాడని. సంస్కృతంలోంచి వచ్చిన పాతమాట. వాడి వాడి అరగదీసి, పోయిన ప్రతివాళ్ళకీ రెండు చుక్కలు పెట్టి తగిలించేస్తున్నాం. మీ నాన్నగారిది ఏం మిగిలిందో ఒక్కటి చెప్పండి, మాట మొత్తం చెక్కుతా. లేదా, పేరొక్కటే."

కోపమొచ్చి లేచిపోతారేమోనని కాచుక్కూర్చునేవాణ్ణి. ఒక్కరూ పోలేదు. స్టూలు మీద కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ గంటలు గంటలు చెప్పేవారు. నాకు మాత్రం తారీఖులు తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు.

మొన్న వేసవిలో గుండె ఆగి బావ పోయాడు. అక్క షెడ్డుకొచ్చింది.

"మీ బావకి మాట మొత్తం చెక్కాల్రా."

"ఏం మిగిలిందని?" అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

"అది నువ్వే చెప్పాలి. రోజంతా ఆయన ఎదురుగా కూర్చుంది నువ్వేగా," అంది అక్క.

రెండక్షరాలూ కొట్టి వదిలించుకుందామనే ఉలి పట్టాను. చెయ్యి ఒప్పుకోలేదు. మాట మొత్తం చెక్కాను, నాలుగు రోజులు. జన్మలో అంత బాగా ఎప్పుడూ చెక్కలేదు. ఈ ఒక్క పలకతో నేనేంటో అందరికీ తెలుస్తుందని ఆశపడ్డాను.

పలక నిలబెట్టిన రోజు, వెనకటికి బావ చేత వాళ్ళమ్మ పలక చెక్కించుకున్నాయన వచ్చాడు. 'ర్తి' వంపు వెంట వేలు పోనిచ్చి చూశాడు.

"ఇది ఆయన చెయ్యే. తన పలక తనే ముందుగా చెక్కి పెట్టుకున్నాడన్నమాట! మహానుభావుడు."

అక్క నావైపు చూసింది. కడుపు రగిలిపోయింది నాకు.

"అవునండీ," అన్నాను.