నీళ్లలో వీరేశం మాట

వీరేశం సగం బతుకు నీళ్ల అడుగునే గడిచింది. ఏ చెరువులో తూము పూడినా, పంపుకు చెత్త అడ్డం పడినా, మునిగిన మనిషి దొరకకపోయినా అతనికే కబురొచ్చేది. గట్టు మీద కూడా తక్కువగానే మాట్లాడేవాడు.

2011లో మాదాపూర్‌లోని ఒక చిన్న కంపెనీ అతన్ని పిలిచింది. వాళ్లు డైవర్ల కోసం మాస్కు తయారుచేస్తున్నారు. అందులోని మైకుకు బటన్ నొక్కే పనిలేదు. గొంతు వినపడగానే అదే తెరుచుకుని, తాడు వెంట దిగిన తీగ గుండా మాటను గట్టుకు చేరుస్తుంది. గట్టు మీది మాటా అదే తీగ గుండా డైవర్ చెవిలో పడుతుంది. చిక్కల్లా బుడగల చప్పుడుతో, పరీక్షలు జరిపే దుర్గం చెరువు పక్కన మురుగు తోడే పంపు మోతతో. మైకు వాటినే మాటలనుకునేది.

"వీరేశం గారూ, కింద ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి," అంది ఇంజినీరు ఉమాశ్రీ. ఆమెది గుడివాడ.

"నీళ్లల్ల మాట్లాడుడు నాకు అలవాటు లేదు మేడమ్."

"మరి ఎందుకు ఒప్పుకున్నారండీ?"

"మా అన్న తూము తలుపు లేపనీకె దిగిండు. కాలు ఇరుక్కున్నది. గుంజొద్దని తాడు ఊపిండు. గుంజమంటుండనుకొని పైనున్నోళ్లు గుంజిన్రు."

ఉమాశ్రీ మాస్కు తీగను ఇంకోసారి సరిచూసింది.

అంతలో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులో రెండు ప్రాంతాలవాళ్లూ ఆచితూచి పలకరించుకునేవారు. వీరేశం పొద్దున సమ్మె శిబిరంలో కూర్చుని, అటునుంచి సైకిల్ మీద దుర్గం చెరువుకు వచ్చేవాడు.

"మీరూ సమ్మెలోనే ఉన్నారు కదా, ఎందుకొస్తున్నారు?" అన్నాడు తాడు పట్టే జశ్వంత్.

"రాష్ట్రం మాకు గావాలె సార్. ఈ మాస్కు ఎవలకైన గావాలె."

ఆ మధ్యాహ్నం ఉమాశ్రీ బుడగలకు మైకు తెరుచుకోకుండా, ఎంత చప్పుడుకు అది తెరుచుకోవాలో ఆ హద్దును పెంచింది. వీరేశం దిగాడు. అడుగున పాత వల ఒకటి అతని సిలిండర్‌కు చుట్టుకుంది. ఇప్పుడు పైకి లాగితే గాలి గొట్టం ఊడిపోతుంది. అరిచాడు. మైకు తెరుచుకోలేదు. తాడు ఊపాడు.

"పైకి వస్తానంటున్నారు," అంటూ జశ్వంత్ లాగబోయాడు.

"ఆగు!" ఉమాశ్రీ అతని చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో హద్దు మొత్తం తగ్గించేసింది. హెడ్‌ఫోన్‌లో హోరు. పంపు, బుడగలు, వాటి మధ్య ఒకే మాట: "గుంజకు! గుంజకు!"

"తాడు వదులు చేశాం. వింటున్నాను, చెప్పండి," అంది ఉమాశ్రీ గట్టు మీది మైకులో.

"వల వడ్డది. కోస్తున్న."

పైకి వచ్చి అతను మాస్కు తీసి గట్టు మీద కూర్చున్నాడు. ఉమాశ్రీ కళ్లు తుడుచుకుంది. "బుడగల్ని ఆపబోయి మీ గొంతునే ఆపేశాను."

"ఆగినా ఇన్నవ్ గద బిడ్డా," అన్నాడు వీరేశం. ఆమెను అలా పిలవడం అదే మొదలు.

తర్వాత ఆమె పద్ధతి మార్చింది. మైకు మొదట డైవర్ ఊపిరి చప్పుడును, పంపు మోతను నేర్చుకుంటుంది, వాటి పైన లేచే గొంతుకే తెరుచుకుంటుంది. చలికాలానికి పంపు నడుస్తుండగానే మాట తేటగా వినిపించింది. వీరేశం మిగతా డైవర్లనూ తీసుకొచ్చాడు. నీళ్లలో మాట్లాడాలంటే వాళ్లకు సిగ్గు.

"ఏమన్న చెప్పున్రి. పొద్దుగాల ఏం దిన్నరో అదే చెప్పున్రి," అనేవాడు.

ఒకాయన కిందనుంచి, "జొన్నరొట్టె, పచ్చిపులుసు," అన్నాడు. గట్టు మీద హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఉమాశ్రీ గట్టిగా నవ్వేసింది.