కుర్చీ మేస్త్రి ముట్టుకోని ట్రాక్టరు

ట్రాక్టరు బాగుచేయడానికి వచ్చే ఏ మెకానికైనా పానాల పెట్టె తెచ్చుకుంటాడు. కుర్చీ మేస్త్రి మడత కుర్చీ తెచ్చుకునేవాడు. పానాలు లేవని కాదు. అవి స్కూటరు డిక్కీలో ఎక్కడో అడుగున పడి ఉండేవి. కుర్చీ మాత్రం వెనక సీటు మీద తాళ్లతో కట్టించుకుని దర్జాగా ఊరేగేది. మొరాయించిన ట్రాక్టరు ముందు దాన్ని వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, ప్లీడరులా మొదలెట్టేవాడు.

"ఆఖరిసారి ఆపింది ఎవరు?"

"నేనే మేస్త్రీ."

"ఆపాక ఏం చేశావు?"

"ఇంటికెళ్లి పడుకున్నా. అదీ చెప్పాలా?"

"చెప్పాలి. నువ్వు సరే, బండి ఎక్కడ పడుకుంది? ఎండలోనా, నీడలోనా?"

ఒకసారి ఇటుకల బట్టీ యజమాని ట్రాక్టరు కదలనంది. ఆరుగురు తోశారు. ఏడోవాడు టైరును తన్నాడు. బండి సంగతి బొత్తిగా తెలియనివాడు చేసే మొదటి వైద్యం అదే. మేస్త్రి వచ్చి కుర్చీలో కూర్చుని అరగంట ప్రశ్నలేశాడు. చివరికి, "ఇంజను ఆపే నాబ్ బయటికి లాగి ఉందా, లోపలికి నెట్టి ఉందా?" అన్నాడు. యజమాని వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆ తర్వాత నాబ్‌ను మెల్లగా లోపలికి నెట్టి తాళం తిప్పితే బండి బుద్ధిగా స్టార్టయింది.

"రాగానే ఆ ముక్క చెప్పొచ్చు కదయ్యా!"

"చెబితే నువ్వు బండిని చూసేవాడివా? నన్ను చూసేవాడివి."

ఈ కుర్చీని చూస్తే అందరికన్నా ఎక్కువ ఒళ్లు మండేది చిన్నకోడలికి. ఆమె భర్త లారీ డ్రైవరు. రెండు మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. పొలం, అత్తగారు, ఆమెకన్నా ఆరేళ్లు పెద్దదైన ట్రాక్టరు, మూడూ ఆమె నెత్తినే ఉన్నాయి. మూడింట్లో పొద్దున్నే మాట వినేది పొలం ఒక్కటే.

బండి అత్తగారి పేరున ఉంది. పక్క వీధిలో ఉండే బావగారికి, అంటే అత్తగారి పెద్దకొడుక్కి, దాన్ని అమ్మించాలని పట్టుదల. ట్రాక్టర్ల గురించి ఆయనకున్న విద్య అంతా బానెట్ మీద రెండుసార్లు తట్టి, "దీని పని అయిపోయిందమ్మా" అనడం. పదేళ్లుగా దాని పని అయిపోతూనే ఉంది.

మొదటిసారి చిన్నకోడలు తాళం తిప్పితే టిక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. మేస్త్రి వచ్చి కుర్చీ వేసుకున్నాడు.

"లైటు వేసి చూడమ్మా. ఎలా వెలుగుతోంది?"

"మినుకు మినుకుమంటోంది."

"బ్యాటరీ కొమ్ముల మీద ఏముంది?"

"తెల్లగా ఏదో పొడి పట్టింది."

"మరి దాన్నలా చూస్తూ కూర్చుంటే రాలిపోతుందా? వైర్లు విప్పు. వేడినీళ్లు పోసి రుద్దు. నల్లవైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు ఆఖర్న."

ఆమె విప్పింది, రుద్దింది, బిగించింది. ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ఆ టీ కూడా ఆమే పెట్టింది. బండి స్టార్టయ్యాక లేచి, కుర్చీ మడిచి వెళ్లిపోయాడు.

తర్వాత డీజిలు ఫిల్టరు మూసుకుపోయింది, ఆమే మార్చింది. స్టార్టరు వైరు వదులైంది, ఆమే బిగించింది. చేతులకు నల్లటి మరకలు, చీరకు డీజిలు వాసన. ఇంతలో ఆమె ఒకటి కనిపెట్టింది. మిగతావాళ్ల బండ్ల దగ్గర మేస్త్రి ఎంత సతాయించినా, గంట బతిమాలాక విసుక్కుంటూ లేచి చెయ్యి వేస్తాడు. ఆమె బండి దగ్గర మాత్రం ఏడాదిలో ఒక్క మర కూడా ముట్టుకోలేదు.

"అత్తయ్యా, నన్ను చూస్తే ఆయనకు ఎంత అలుసో!" అని వాపోయింది.

"మాట్లాడకు. మళ్లీ పిలిస్తే రావాలిగా," అంది అత్తగారు.

ఒకరోజు పొద్దున బావగారు కోళ్లఫారం ఆసామిని వెంటపెట్టుకొచ్చారు. ట్రాక్టరు కొంటాడట. నిపుణుడి మాట ఉండాలని మేస్త్రినీ పిలిపించారు. చిన్నకోడలు రోజులు లెక్కపెట్టుకుంది. విత్తనాలేయడానికి వారం కూడా లేదు. బండి పోతే దుక్కికి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

బావగారు హుషారుగా సీటెక్కి తాళం తిప్పారు. ఇంజను గిరగిరా తిరిగింది, అందుకోలేదు. మళ్లీ తిప్పారు. మళ్లీ అంతే. ఆయన ముఖం చూడాలి! స్టార్ట్ కాకపోతే అమ్మ అమ్మకానికి ఒప్పుకుంటుంది. స్టార్ట్ కాకపోతే ఆసామి కొనడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ సగం సగం మొదలెట్టారు.

అందరూ మేస్త్రి వైపు చూశారు. కుర్చీలో ఆయన ఆకాశం చూస్తున్నాడు. ఇక లాభం లేదని చిన్నకోడలే ముందుకొచ్చింది.

"బావగారూ, నిన్న సాయంత్రం బండి మీరేగా తీసుకెళ్లారు?"

"అవును, కడిగించడానికి."

"దారిలో ఆగిందా?"

"ఆగిందంటే... కాస్త నిలబడింది."

"ఎందుకు నిలబడింది?"

"డీజిలు అయిపోయింది. క్యాన్‌తో పోయించాగా! ఐనా కదల్లేదు, పొద్దుటికి అదే సర్దుకుంటుందని లాక్కొచ్చాం. అదీ చెప్పాలా?"

"చెప్పాలి. ట్యాంకు ఖాళీ అయితే పైపుల్లోకి గాలి దూరుతుంది. గాలి పోయేదాకా డీజిలు ఇంజనుకు అందదు."

ఆమె కొంగు దోపుకుని పానా తీసుకుంది. ఫిల్టరు మీది చిన్న మర వదులు చేసి, పక్కనున్న డీజిలు చేతిపంపు ఒత్తడం మొదలెట్టింది. బుసబుసమని నురగ వచ్చింది. బుడగలు తగ్గాయి. చివరికి డీజిలు సన్నని ధారగా కారింది. మర బిగించి, సీటెక్కి తాళం తిప్పింది. బండి రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ బావగారి తెల్లచొక్కా మీదికి వదిలి, అందుకుంది.

పొగలో నిలబడి కూడా బావగారు ఓటమి ఒప్పుకోలేదు. "ఇదంతా మేస్త్రి చలవేనమ్మా! ఈయన చెయ్యి పడకపోతే ఇది ఒక్క పూట నడవదు. రేపు ఈయన రాకపోతే?"

ఆ మాటకు మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

"పెద్దమ్మగారూ, ఈ మాట మీ పెద్దబ్బాయి ఏడాది కిందటే నాతో అన్నారు. 'మెకానిక్ చెయ్యి లేకుండా మా మరదలు దాన్ని నడిపితే అమ్మే మాటే ఎత్తను' అని. అది విన్న రోజు నుంచి నేను ఈ బండిని ముట్టుకోలేదు. ఒక్క మర కూడా. ఎంత చెయ్యి దురద పెట్టినా సరే. కావాలంటే మీ కోడలినే అడగండి. ఏడాదిగా నన్ను తిట్టుకుంటోంది, లెక్క తప్పదు."

చిన్నకోడలు మసి చేతులతో ముఖం తుడుచుకుంది. ముఖం మరింత నల్లబడింది. అత్తగారు పెద్దకొడుకు వైపు ఒకసారి చూసింది. ఆయన బానెట్ మీద తట్టబోయి, వేడిగా ఉందని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కోళ్లఫారం ఆసామి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, మా ఇంట్లోనూ ఒక ట్రాక్టరుంది. నాలుగు రోజులుగా కదలడం లేదు. అందుకే ఇది కొందామని వచ్చాను. ఒకసారి వచ్చి..."

"నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు మేస్త్రి, చిన్నకోడలి వైపు చూపిస్తూ.

ఆసామి ఆమె వైపు తిరిగేలోపే అత్తగారు అడ్డు వచ్చింది.

"ఇవాళ కుదరదు నాయనా, మాకు దుక్కి ఉంది. రేపు పొద్దున రా, మా అమ్మాయిని పంపిస్తాను."