వయోలా చివరి పేజీ

దయ్యాల కబుర్లంటే నాకు ముందునుంచీ నవ్వే. విజయనగరంలో శ్మశానం పక్క వీధిలో పెరిగినదాన్ని, ఏనాడూ భయపడి ఎరగను. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది చెప్తాను, మీకేమైనా తోస్తే చెప్పండి. నాకైతే తలచుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది.

ఈ పరాయి దేశానికొచ్చాక వాటర్లూలో మేం అద్దెకుంటున్న బేస్‌మెంట్ ఈవా ఆంటీది. పైన ఆవిడ ఒక్కరే ఉంటారు. యూదులు. చిన్నప్పుడు నాజీల క్యాంపులో ఉండి బతికి బయటపడ్డారు. వాళ్ల నాన్న ఆ క్యాంపులోనే, కడుపు మాడుతుండగా, నాలుగు వాద్యాలకు ఒక క్వార్టెట్ రాశారు. తోటి ఖైదీలు వాయించారట. తర్వాత ఆయన్ని ఆష్విట్జ్ అనే చంపే క్యాంపుకి రైలెక్కించారు. మళ్లీ రాలేదు. ఆ కాగితాలను వాళ్లమ్మ కోటు లోపల కుట్టి దాచింది. వయోలా వాయించే భాగంలో చివరి పేజీ తప్ప అన్నీ దక్కాయి. వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది, గొంతు కాస్త బరువు.

ఆంటీకి వినికిడి పోతోంది. పూర్తిగా పోయేలోపు నాన్న సంగీతం ఒక్కసారి చివరిదాకా వినాలని ఆవిడ కోరిక. నాది కర్ణాటక వయొలిన్. అయినా వాళ్ల పాశ్చాత్య సంగీతపు నొటేషన్ కిందామీదా పడి నేర్చుకుని, తెలిసినవాళ్లలో ముగ్గురిని పోగుచేశాను. లేని పేజీ ఎవరితోనైనా రాయిద్దామంటే ఆంటీ ఒప్పుకోలేదు.

"మా నాన్న రాయనిది నాకొద్దమ్మా. అక్కడ ఖాళీగానే ఉంచండి," అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం, ఆవిడ హాల్లోనే వాయించాం. చివరి పేజీకి రాగానే వయోలా వాయించే డేనియల్ కమాను ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు. నేను కళ్లారా చూశాను. అయినా వయోలా వినిపించింది! మా మూడింటి మధ్య సందులన్నీ నింపుతూ, నిదానంగా. ఆంటీ కుర్చీ అంచుకు జరిగి డేనియల్ వెనకవైపు చూస్తున్నారు. ఆ స్వరాలతోపాటే ఆవిడ పెదవులూ కదులుతున్నాయి.

అయిపోయింది. స్టాండు మీదే పెన్సిల్ ఉంది. తీసుకుని రాసేస్తే సరిపోయేది! కానీ మా మాస్టారు నేర్పిన పద్ధతి ఒకటుంది: విన్నది మనసులో రెండుసార్లు పాడుకున్నాకే కాగితం ముట్టాలి. చిన్నప్పటి అలవాటు, కళ్లు మూసుకున్నాను. మొదటిసారి మొత్తం వచ్చింది. రెండోసారి మొదలుపెట్టేసరికి ఒక్క స్వరమూ లేదు.

మిగతా ముగ్గురూ ఏమీ వినలేదన్నారు. ఫోన్ రికార్డింగులో వయోలా లేదు. కానీ ఒకచోట మేం ముగ్గురం ఒక్కసారిగా ఆగాం. ఎవరో ముగించేదాకా ఆగినట్టు ఆగి, మళ్లీ కలిసి అందుకున్నాం. కాగితం మీద అక్కడ విరామమే లేదు. ఎందుకాగారని అడిగితే, ఆగిన సంగతే తెలియదన్నారు వాళ్లిద్దరూ.

"గుర్తొస్తుందిలేవే, ఎక్కడికి పోతుంది," అంటారు మా ఆయన. ఎక్కడికి పోయిందో తెలిస్తే ఈ ఏడుపు ఎందుకు? వందల కీర్తనలు నోటికొచ్చు. ఇదొక్కటీ రాదు.

ఇప్పుడు ఆంటీకి అసలేమీ వినపడదు. సాయంత్రాలు కిందికొచ్చి నా గొంతు మీద వేళ్లు ఆనించి, "నువ్వూ విన్నావుగా, పాడు," అంటారు.

షడ్జం పడతాను. అక్కడితో ఆగిపోతాను. ఆవిడ మాత్రం చెయ్యి తియ్యరు.