ఓడలో మడవ

మా చిన్నాయన పోయారు. అనంతపురం ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి ఆ మాట చెప్పేసరికి నేను ఉరవకొండ బస్టాండు గోడకు మా సంఘం పోస్టరు అంటిస్తున్నాను. మైదా గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను.

ఆయన మా నాయనకు తమ్ముడు. బొంబాయిలో మనవాళ్ళే కట్టిన ఫ్రిగేటు అనే రకం యుద్ధనౌకలో బాయిలరు దగ్గర పనిచేసి, రిటైరై ఊరికి వచ్చారు. యుద్ధనౌక మనిషి గురించి ఇంత ప్రేమగా రాయడమేమిటని సంఘంలోని నా మిత్రులు కోప్పడతారు. కోప్పడనీ. ఆయనతో అందరికంటే ఎక్కువ పోట్లాడింది నేనే.

"ఊర్లో తాగను నీళ్ళు లేవు. ఫిరంగుల ఓడ ఎవరి కోసం చిన్నాయనా? నమూనా కూడా ఇంగ్లీషోళ్ళదే కదా!"

"ఏమప్పా కరపత్రమా, కొంచెం ఊపిరి తీసుకో," అని నవ్వేవారు. "నమూనా వాళ్ళదే. మా ఓడ తర్వాత కట్టినవాట్లో మనోళ్ళు వెనక భాగం మార్చి, పెద్ద హెలికాప్టరు పట్టే గది కట్టినారు. చూసి నేర్చుకునేది, ఆపైన దిద్దేది. తప్పేముండాది? ఇంగ నీళ్ళంటావా, చుట్టూ సముద్రమున్నా ఓడలో నీళ్ళ కరువే. ఉప్పునీళ్ళు కాంచి, ఆవిరి పట్టి మంచినీళ్ళు చేస్తాము. ముందు బాయిలరు తాగల్ల. మిగిలితే మనం."

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఓడ శత్రువు మీద ఒక్క గుండు పేల్చలేదట. తుఫాను కొట్టిన తీరానికి మాత్రం ఒకసారి బియ్యం, మంచినీళ్ళు మోసుకుపోయిందట.  అయినా నేను గొంతు పెంచితే, ఇంకో మాట అనేవారు.

"కోపం మంచిదే అప్పా. ఆవిరి కూడా అంతే. గొట్టంలో పోతే ఓడ నడుస్తాది, బయటికి చిమ్మితే చేయి కాలుతాది." నేను చదివిన ఏ కరపత్రమూ నాకింత పనికొచ్చే మాట చెప్పలేదు.

ఆయన ఏ తలుపూ తెరిచి వదిలేవారు కాదు. నేను వదిలితే, "మడవ కట్టి రా!" అని కేక. చేనిగట్టులో నీళ్ళు పోయే సందును మేము మడవ అంటాం, దాన్ని మూయడాన్ని మడవ కట్టడం అంటాం. ఓడలో గదికీ గదికీ మధ్య ఉండే ఇనుప తలుపులకూ ఆయన అదే పేరు పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే పోపుల పెట్టె తెచ్చి, ఆవాల గిన్నెలో నీళ్ళు పోశారు.

"పక్కన జీలకర్ర తడిసిందా? ల్యా. ఒక గదికి చిల్లి పడితే ఆ గదే మునుగుతాది. మడవ కట్టింటే ఓడ తేలుతాది."

"నీ ఓడ తేలిందిలే, నా ఆవాలు మునిగినాయి!" అని చిన్నమ్మ పెట్టె లాక్కుంది.

పోయినేడు మా వాలు చేనిలో పడిన వాన ఎర్రమట్టిని కూడా ఈడ్చుకుని వంకలోకి పోయింది. శెనక్కాయ ఎండింది. ఈ ఏడూ ఎండితే చేను అమ్ముకోవడమే. ఆయన పార పట్టి, చేనంతా గట్లు వేసి గళ్ళుగా చేశారు.

"ఏమన్నా, చేన్లో ఓడ కడతాండావా?" అని పక్క చేని రైతు ఎగతాళి చేశాడు.

"ఔనప్పా. ఆడ నీళ్ళు లోపలికి రాకూడదు, ఈడ బయటికి పోకూడదు. అంతే తేడా."

బండి దారి కోసం కింది గట్టులో ఒక్క మడవ ఉంచారు. అది మూసేలోపే ఆయాసంతో మంచమెక్కారు. ఆస్పత్రిలో నాతో చివరగా అన్న మాట అదే: "కింద మడవ తెరిచే ఉండాది. వానకు ముందే కట్టేయప్పా."

ఆయన్ను సాగనంపి వచ్చిన సాయంత్రం మబ్బు దిగింది. పార తీసుకుని పరుగెత్తాను. మట్టి వేసి తొక్కుతుండగానే వాన అందుకుంది. తొలి నీళ్ళు గట్టు దాకా వచ్చి, తడిమి చూసి, ఆగాయి.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మడవ?" అంది.

"కట్టినా చిన్నమ్మా."

ఆమె చూపు నా వెనక్కు పోయింది. వాకిలి తెరిచే వదిలి వచ్చాను. తిరిగి వెళ్ళి, తలుపు దగ్గరగా నొక్కి గడియ వేశాను. వాన చప్పుడు బయటే నిలిచిపోయింది. అక్కడ చేనిలో, ఒక్కో గడిలో, ఎర్రనీళ్ళు కూడా నిలిచాయి.