పతకాల రాణిగారూ, పిడికెడు చింతపండూ

ఆ రోజుల్లో ఎవరికెంత ఆస్తి ఉందో పేపర్లు రాసేవి కావు. కొబ్బరితోటలున్నాయన ఆస్తి తోటలో కనపడేది, వరిచేలున్నాయన ఆస్తి గాదెలో ఉండేది, నాటకాల్లో పాటలు పాడే ఆవిడ ఆస్తి ఆవిడ ఒంటిమీదే ఉండేది. మొన్న మా మనవరాలు, టీవీ సీరియల్లో వేషం వేసి దాని ముందొచ్చే పాట కూడా తనే పాడే ఒకమ్మాయి గురించి పేపర్లో చదివి, "తాతయ్యా, ఈవిడకి ఎన్ని మేడలో, ఎన్ని కార్లో!" అని బుగ్గలు నొక్కుకుంది. "చూసిందెవరే?" అన్నాను. "పేపర్లో వేశారుగా" అంది. అచ్చులో పడ్డదాన్నల్లా నమ్మడం మా వంశంలో నాతోనే మొదలైంది కాబట్టి దాన్ని కోప్పడే హక్కు నాకు లేదు. ఆ నమ్మకం నన్ను ఎక్కడికి తీసుకెళ్ళిందో చెబుతాను.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో నేను కొబ్బరి కొట్లో గుమస్తాని, మిగతా వేళల్లో గ్రంథాలయానికి కార్యదర్శిని. బడి చదువు తొందరగానే వదిలేసేను గానీ, గ్రంథాలయంలో ఉన్న ఒక్క బీరువానీ పై అర నుంచి కింది అర దాకా చదివేసేను. చదివినది మర్నాడు కొట్టుకొచ్చినవాళ్ళకి చెప్పకపోతే నాకు అన్నం సయించేది కాదు. కొబ్బరికాయల కోసం వచ్చినాయన చంద్రగ్రహణం ఎందుకొస్తుందో తెలుసుకుని వెళ్ళేవాడు. (కాయలు కొనడం మర్చిపోయి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మా యజమానికి విజ్ఞానం మీద అంత ఆసక్తి లేదు.) అయితే గ్రంథాలయానికి తాటాకు కప్పు. పోయిన వానల్లో భూగోళశాస్త్రం పూర్తిగా నానిపోయింది, సముద్రాలున్న పేజీలే కాదు, ఎడారులు కూడా. ఇంకొక్క వానాకాలం వస్తే బీరువాలో చదవడానికి ఏమీ మిగలదు, నాకు చెప్పడానికీ ఏమీ మిగలదు.

ఊళ్ళో పెంకు వేయించగల మనిషి ఒక్కరే, రైసుమిల్లు ఉన్న మా దూరపు మావయ్య. ఆయన్నడిగితే, "పతకాల రాణిని మనూళ్ళో పాడించరా అల్లుడూ, పెంకు నాది" అన్నారు. రాజమండ్రి వైపు పెద్దపేరున్న నాటకాలావిడ. గొంతెత్తితే కాలవ అవతల గట్టుమీదికి వినపడేది. అప్పట్లో పెద్దమనుషులు మెచ్చుకుంటే రంగం మీదికెక్కి బంగారు పతకం ఇచ్చేవారు. ఆవిడ వాటినన్నిటినీ ఒక పట్టీకి వరసగా గుచ్చి, చీర భుజం మీద పెట్టుకుని పాడేవారు. ఇచ్చినాయన ఆ చుట్టుపక్కల ఆవిడ ఎక్కడ పాడినా వచ్చి ముందు వరసలో కూర్చుని, పాట వినే ముందు తన పతకం ఉందో లేదో వెతుక్కునేవాడు. లేకపోతే రాజోలు వైపు ఒకాయన చేసినట్టు పాట మధ్యలో లేచి చెప్పులు వేసుకునేవాడు. మా మావయ్య రెండేళ్ళ కిందట అమలాపురంలో ఒకటిచ్చేరు. "మనూరి జనం నా పతకం చూడాలి. కనపడలేదో, పెంకు కాదుకదా, తాటాకు కూడా అడక్కు" అన్నారు.

ఎండలు ముదిరేక ఒకరోజు ఆవిడ కాలవ మీద పడవలో వచ్చేరు. సాయంత్రం నాలుగింటికి మిల్లు కళ్లంలో కచేరీ, చీకటి పడకుండా మళ్ళీ పడవ. మధ్యాహ్నం విడిది మా మేనత్త ఇంట్లో. ఆవిడ గురించి ఒక పత్రికలో నేను చదివినది ఊరంతా చెప్పి ఉంచేను: వెండిపళ్ళెంలో తప్ప తినరనీ, గొంతు కోసం ఉప్పూ కారం ముట్టరనీ, మిరియాల పాలూ పటికబెల్లమే ఆహారమనీ. వెండిపళ్ళెం మిల్లు నుంచి వచ్చింది. అందులో పటికబెల్లం పెట్టి ముందుంచేం. ఆవిడ దాన్ని చూసేరు, నన్ను చూసేరు, తరవాత తల తిప్పి వంటింటి వైపు గాలి పీల్చేరు.

"ఏం వండుతున్నారు బాబూ?"

"అది మాకోసమండి. పనసపొట్టు కూర. ఆవపెట్టినది. మీ కంఠానికి పనికిరాదండి."

"ఎవరు చెప్పేరు?"

"పత్రికలో వేసేరండి."

"ఆ పత్రిక రాసినాయన ఏ ఊళ్ళో ఉంటాడో గాని," అన్నారావిడ ప్రశాంతంగా, "ఆయన పుణ్యమా అని నేను ఏ ఊరెళ్ళినా పటికబెల్లం తిని పాడుతున్నాను. పొద్దున్న ఆ పడవలో కూడా అదే."

అప్పటిదాకా "నాటకాలావిడికి వరండాలో పీట వెయ్యండి చాలు" అన్న మా అత్తయ్య గుమ్మంలోకొచ్చి, "అయ్యో నా తల్లీ! ఒరేయ్, ఆవిడ నోరు కట్టేసేవేంట్రా! లోపలికి రండమ్మా, ఆకు వేస్తాను" అంది. ఆవిడ అంత వేగంగా లేస్తారని నేననుకోలేదు. పతకాలున్న పట్టీని భుజం మీంచి విప్పి, "వీటితో అన్నం తినలేను, చూస్తూండండి బాబూ" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేరు.

అలా ఆవిడ ఆస్తంతా నా ఒళ్ళోకి వచ్చింది. మావయ్య పతకం వెంటనే పట్టేసేను, మీద వరికంకి బొమ్మ ఉంటుంది. మిగతావాటి పక్కన కాస్త మాసినట్టుంది. ముందు వరసలో ఆయన మొహం గుర్తొచ్చింది, పెంకు గుర్తొచ్చింది, బీరువా రెండో అరలోని రసాయనశాస్త్రం గుర్తొచ్చింది. బంగారాన్ని పులుపు ఏమీ చెయ్యదని అందులో స్పష్టంగా ఉంది. (ఇప్పటికీ చెబుతున్నాను, ఆ పుస్తకంలో తప్పేమీ లేదు.) నూతి దగ్గరికెళ్ళి, అత్తయ్య ఇత్తడి బిందెలు తోమే చింతపండు పిడికెడు తీసుకుని, బూడిద అద్ది, వరికంకి మీద శ్రద్ధగా తోమేను. ముందు నురగ వచ్చింది. తరవాత ఎరుపు వచ్చింది. ఇంకాస్త తోమితే ఎరుపు పోతుందేమోనని తోమేను. పతకం మొత్తం మా అత్తయ్య రాగిచెంబు రంగులోకి దిగింది.

ఆవిడ చెయ్యి కడుక్కోడానికి వచ్చేసరికి నేను నూతి చప్టా మీద కూలబడి ఉన్నాను.

"ఏం బాబూ, ఒంట్లో బాలేదా?"

"అమ్మా, మీకెలా చెప్పాలో తెలీటం లేదండి. మా మిల్లు మావయ్య మిమ్మల్ని మోసం చేసేరండి."

ఆవిడ పతకం తీసుకుని చూసి, నవ్వాపుకోలేక నూతి గట్టు పట్టుకున్నారు. "పాపం, ఆయన్ననకండి. ఆయనిచ్చింది మేలిమి బంగారమే. అది కాకినాడలో మా హార్మోనియం మేష్టారి కడుపు ఆపరేషన్‌కి వెళ్ళింది. దాని పక్కది తెరలకెళ్ళింది, పడవ ఒరిగి తెరలన్నీ కాలవలో మునిగేయి. ఆ పెద్దది మా చెల్లెలి పెళ్ళి."

"మరి ఇవి?"

"ఇవి గిల్టు. ఇచ్చినవాళ్ళ కోసం. వాళ్ళు వెతుక్కుంటారు కదా, కనపడకపోతే చిన్నబోతారు. పెద్దమనుషులు చిన్నబోతే పై ఊరి పిలుపు రాదు, నా వెనకాల పడవలో ఉన్నవాళ్ళకి పొయ్యి వెలగదు."

"ఒక్కటైనా అసలుది లేదాండి?"

"ఈ వెండిది అసలుదే. దీన్ని ఎవరూ వెతకరు. ఇచ్చినాయన పోయేరు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు.

అత్తయ్య ఆ రాగి మీద పసుపు రాసి చూసింది. పచ్చకామెర్లు వచ్చిన పతకంలా తయారైంది. మిల్లు దగ్గర డప్పు మొదలైంది. ఆవిడ దాన్ని కడిగి, కాసేపు చేతిలో తిప్పి, "పదండి బాబూ, చూద్దాం" అన్నారు.

కళ్లం నిండిపోయింది. ముందు వరసలో మావయ్య, ఆయన పక్కన కపిలేశ్వరపురం నుంచి వచ్చిన మరో పతకందారు. పాట మొదలైంది. పనసపొట్టు తిన్న గొంతు ఎలా ఉందంటే, కొబ్బరిదింపు వాళ్ళు చెట్టుమీదే ఆగిపోయేరు. మావయ్య మాత్రం పాట వినటం లేదు. ఎడమ నుంచి కుడికి చూసేరు, కుడి నుంచి ఎడమకి చూసేరు, మెడ చాపేరు. మూడో పాటకి నా వైపు తిరిగేరు. ఆ చూపులో నాకు తాటాకులు కనిపించేయి. చేత్తో చెప్పులు వెతుక్కోవడం కూడా కనిపించింది.

అప్పుడు ఆవిడ పాట ఆపేరు. పైట మీద చెయ్యి వేసుకుని, "ఈ ఊరి మిల్లువారు నాకిచ్చిన పతకం ఎక్కడని మీరు వెతుకుతున్నట్టున్నారు. ఇన్నాళ్ళూ అన్నిటితో పాటు భుజాన పెట్టుకున్నాను. ఆయన సొంతూరొచ్చేక నలుగురి చూపూ పడనివ్వడం ఇష్టం లేక, ఇవాళ గుండెల దగ్గర దాచుకున్నాను" అని, పైట కిందనుంచి వరికంకి అంచు మెరిసీ మెరవనట్టు చూపించి, మళ్ళీ కప్పేసేరు. కళ్లమంతా చప్పట్లు. మావయ్య కండువాతో కళ్ళొత్తుకున్నారు. కపిలేశ్వరపురం ఆయన లేచి, "అయితే మాది మటుకు ఊరందరి దిష్టికీ వదిలేసేరేంటమ్మా?" అని బాధపడ్డారు.

పడవెక్కుతూ ఆవిడ నన్ను పిలిచి, "ఈ ఊళ్ళో మీరు చూసినవాటిల్లో ఆ కూర సంగతి ఎంతమందికైనా చెప్పండి బాబూ. మిగతాది వద్దు" అన్నారు. ఆయ్ అన్నాను. పుస్తకంలో లేని విషయం ఒకటి జన్మలో మొదటిసారి నాకొక్కడికే తెలిసింది. దాన్ని ఎవరికీ చెప్పకూడదు!

మర్నాడు కొట్లో మా యజమాని నా నుదురు ముట్టుకుని చూసేడు, జ్వరమేమోనని. వానలకి ముందే గ్రంథాలయం మీదికి పెంకు ఎక్కింది. ప్రారంభం రోజున మావయ్య నన్ను పక్కకి లాగి, "ఏరా అల్లుడూ, దగ్గర్నుంచి చూసినవాడివి నువ్వొక్కడివే. చదువుకున్నవాడివి కూడాను. ఎలా ఉందిరా నా పతకం?" అన్నారు. నాకు తెలిసిన రసాయనశాస్త్రమంతా గొంతు దాకా వచ్చింది. "మిగతావాటి రంగు వేరు, మీదాని రంగు వేరు మావయ్యా" అన్నాను. ఆయన మురిసిపోయి, కండువా సర్దుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, బీరువా నిండా ఉన్న పుస్తకాలు చదివినా రానిది, నోరు మూసుకోవడం, అతను ఆ ఒక్క రోజులోనే నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళు కాపాడేడు. ఇవాళ మీ దగ్గర మటుకు ఆపుకోలేకపోయేడు.